‘అడ్డ సహనం’ అనవచ్చా?

సందేహం: ఒక వైద్య వ్యాసాన్ని తెలుగు చేస్తుంటే ‘క్రాస్ టాలరెన్స్’ (ఒక మందుకు అలవాటుపడ్డ ఒంటి మీద అలాంటి మరో మందు కూడా సరిగా పనిచేయకపోవడం) అనే మాట తగిలింది. “దీర్ఘకాలం మద్యం సేవించినవారిలో డయాజిపామ్ (మత్తు కలిగించే మాత్ర) పట్ల అడ్డ సహనం ఏర్పడుతుంది, సహనం ఒక మందు నుంచి మరొక మందుకు బదిలీ అవుతుంది” అని రాశాను. ‘సహనం’ కాదు, ‘సహ్యత’ అనాలని మిత్రుడొకరు అంటున్నారు. ఏది సరి?

సమాధానం: మిత్రుడి మాట ముందు తేల్చుకుందాం. సహ్యం అంటే సహించదగినది. సహించరానిది అసహ్యం, ఇప్పుడు రోత అనే అర్థంలో స్థిరపడింది. కాబట్టి సహ్యత మందుకు ఉండే గుణం అవుతుంది, మనిషికి ఉండేది కాదు. సహించే స్వభావం కలవాడు సహిష్ణువు, అతని గుణం సహిష్ణుత. వ్యాకరణం చూస్తే ఇదే సరైన మాట. కాని పరమత సహిష్ణుత వాసన దాన్ని ఇంకా వదల్లేదు.

సహనంతో చిక్కు వేరు. అది మనసు గుణం, పైగా మంచి గుణం. ఇక్కడ జరిగేది ఓర్చుకోవడం కాదు, మొద్దుబారడం. మెదడులో గాబా అనే రసాయనం అందుకునే గ్రాహకాలు కొన్ని ఉంటాయి. మద్యమూ, డయాజిపామూ ఆ గ్రాహకాల మీదే పనిచేసి మెదడును జోకొడతాయి. ఏళ్ళ తరబడి తాగితే అవి మొద్దుబారతాయి. అప్పుడు డయాజిపామ్ మాత్ర ఎప్పుడూ మింగనివాడికి కూడా మామూలు మోతాదు ఆనదు.

‘అలవాటు’ అందామా? బాగానే ఉంటుంది గాని కు-విభక్తి ఎక్కడ పెడుతున్నామో చూసుకోవాలి. “అతనికి మందు అలవాటైంది” అంటే తాగుబోతయ్యాడని. “అతని ఒళ్ళు మందుకు అలవాటు పడింది” అంటే పాత మోతాదు పనిచేయడం లేదని. ‘మందు అలవాటు’ అని సమాసం చేశామా, ఈ తేడా పోతుంది. మన భాషలో మందు సీసాలోనూ ఉంటుంది, మాత్రలోనూ ఉంటుంది, పొలంలో కొట్టే డబ్బాలోనూ ఉంటుంది! ‘నిరోధకత’ జోలికి మాత్రం పోవద్దు. యాంటీబయోటిక్‌కు లొంగకపోవడం సూక్ష్మక్రిమి లక్షణం, రోగి ఒంటిది కాదు.

ఇక ‘అడ్డ’. అడ్డగీత, అడ్డదారి, అడ్డగోలు: వీటిలో ఎక్కడా ‘ఒకదాని నుంచి ఇంకొకదానికి’ అనే అర్థం లేదు. ఇంగ్లీషు క్రాస్‌కు తెలుగులో ఒకే మాట కుదరదు. పశువుల్లో సంకరం, పూలలో పరపరాగ సంపర్కం, కోర్టులో ఎదురు ప్రశ్నలు. ‘పరస్పర’ అన్నా ఇబ్బందే, ప్రతి జంటలోనూ రెండువైపులా సమానంగా ఉంటుందని చెప్పలేం.

‘బదిలీ’ మాత్రం కచ్చితంగా తప్పు. తహసీల్దారు బదిలీ అయితే పాత కుర్చీ ఖాళీ అవుతుంది. ఇక్కడ పాతది అలాగే ఉండి కొత్తదానికీ పాకుతుంది. ‘పాకుతుంది’ అనండి. అదీ పూర్తిగా పాకదు. నొప్పి తగ్గడానికి మార్ఫిన్ వాడుతున్న రోగిని అదే కుటుంబంలోని మరో మందుకు మార్చేటప్పుడు, లెక్క ప్రకారం సరితూగే మోతాదు ఇవ్వరు. అందులో సాధారణంగా 25 నుంచి 50 శాతం కోసి మొదలుపెడతారు. కొత్త మందుకు ఒళ్ళు అంతగా రాటుదేలి ఉండదు కనుక, పూర్తి మోతాదు పడితే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. మీ అనువాదంలో ‘కొంతవరకు’ అనే మాట లేకపోతే శాస్త్రమే మారిపోతుంది.

‘తట్టుకుంటుంది’ అని రాసేటప్పుడూ జాగ్రత్త. తాగుడు అలవాటున్నవాడు మద్యంతోపాటు నిద్రమాత్రలు వేసుకున్నా తట్టుకుంటాడని పాఠకుడు అనుకోవచ్చు. రెండూ కలిస్తే ఊపిరి ఆగిపోవచ్చు, పాత తాగుబోతుకైనా సరే.

తెలంగాణలో కల్తీ కల్లు సంగతి తెలిసినవారికి ఇదంతా కొత్త కాదు. ఆల్ప్రజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన కల్లు మరిగినవాళ్ళు అది దొరకనిరోజు చేతులు వణికి, మూర్ఛలొచ్చి ఆసుపత్రికి చేరతారు. మామూలు మోతాదు నిద్రమాత్ర వాళ్ళకు ‘పట్టదు’. ఈ ‘పట్టడం’ మీ వ్యాసానికి పనికొచ్చే క్రియ.

శీర్షికలో ‘క్రాస్ టాలరెన్స్’ అలాగే ఉంచి, కింద ఇలా రాయండి: “ఏళ్ళ తరబడి తాగి మద్యానికి రాటుదేలిన ఒంటికి డయాజిపామ్ కూడా మామూలు మోతాదులో సరిగా పట్టదు, ఒకదానికి పడిన అలవాటు కొంతవరకు రెండోదానికీ పాకుతుంది.”