జాబితాను కింది నుంచి రాయండి

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ హైదరాబాద్‌లోనే పూర్తి చేశాడు. చిన్నప్పటి నుంచీ చదువులో ముందుంటాడు. జేఈఈ మెయిన్‌లో 98.6 పర్సంటైల్ (ఓపెన్ కేటగిరీ), తెలంగాణ ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష టీజీ ఎప్‌సెట్‌లో 2,100 ర్యాంకు వచ్చాయి. అడ్వాన్స్‌డ్ మొన్ననే రాశాడు, బిట్స్ వారి ప్రవేశ పరీక్ష బిట్‌శాట్ నెలాఖరులో ఉంది. బాంబే, మద్రాస్, హైదరాబాద్ ఐఐటీల్లో కంప్యూటర్ సైన్స్, వరంగల్ ఎన్‌ఐటీలో కంప్యూటర్ సైన్స్, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్, బిట్స్ పిలానీ, ఈ ఆరింటిని లక్ష్యంగా పెట్టుకున్నాము. ఒకవేళ రాకపోతే ఉంటుందని ఒక డీమ్డ్ యూనివర్సిటీలో ఏఐ-ఎంఎల్ (కృత్రిమ మేధ, మెషీన్ లెర్నింగ్) సీటుకు అడ్వాన్సు కట్టాము. నాలుగేళ్లకు 20 లక్షల దాకా అవుతుందన్నారు. ఎప్‌సెట్ కాలేజీలు మా వాడి స్థాయికి తగవు కనుక ఆ ఆప్షన్లు పెట్టే ఉద్దేశం లేదు. మా సొంతూరు గుంటూరు జిల్లా. తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీ మాకు సొంత రాష్ట్రం కిందికి వస్తుందా? మా జాబితాలో ఏది టార్గెట్, ఏది సేఫ్టీ? పక్క ఫ్లాటు వాళ్ల అబ్బాయి కంటే తక్కువ కాలేజీ కాకూడదని మా ఆశ.
ఒక తండ్రి, నిజాంపేట, హైదరాబాద్

జవాబు: ప్రతి మే నెలలోనూ ఈ ప్రశ్న నా బల్ల మీదికి వస్తుంది. అంకెలు మారతాయి, కాలేజీల పేర్లు ఒకటి రెండు అటూ ఇటూ అవుతాయి, పక్క ఫ్లాటు అబ్బాయి మాత్రం ఏ ఏడూ మారడు. మీరు అడిగింది కాలేజీల గురించే అయినా, రెండేళ్లు కట్టిన ఫీజులూ అబ్బాయి పోగొట్టుకున్న నిద్రా వృథా అయిపోయాయేమోనన్న బెంగ ఆ అక్షరాల వెనుక నాకు స్పష్టంగా కనిపిస్తోంది. కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను. వృథా కాలేదు. మెయిన్ రాసేవారు ఏటా 14, 15 లక్షల మంది ఉంటున్నారు. వారిలో 98.6 పర్సంటైల్ అంటే మీ అబ్బాయి కంటే ముందున్నవారు 20 వేల పైచిలుకు మాత్రమే, మిగతా వారంతా అతని వెనుకే ఉన్నారు. ఎప్‌సెట్‌లో 2,100 ర్యాంకు తెచ్చుకున్న పిల్లవాడి గురించి ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడుకోవలసిన అవసరం లేదు.

ఇక జాబితా సంగతి. మీరు ఆరు పేర్లు రాశారు కాబట్టి ఆరు అవకాశాలు ఉన్నాయని అనుకుంటున్నారు. అది నిజం కాదు. మూడు ఐఐటీలూ ఒకే అడ్వాన్స్‌డ్ ర్యాంకు మీద ఆధారపడి ఉన్నాయి. ఆ ర్యాంకుకు హైదరాబాద్ ఐఐటీలో కంప్యూటర్ సైన్స్ రాకపోతే బాంబేలోనూ మద్రాసులోనూ రాదు. వరంగల్ కంప్యూటర్ సైన్స్‌కూ, మెయిన్ మార్కులతో ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ ఇచ్చే సీట్లకూ ఆధారం ఒకే మెయిన్ ఫలితం, అది ఇప్పటికే మీ చేతిలో ఉంది, ఈ రెండింటికీ అది చాలదు. ఇది చదవడానికి కష్టంగా ఉంటుందని నాకు తెలుసు. కానీ జూన్‌లో ఒక రాత్రి స్క్రీన్ ముందు కూర్చుని తెలుసుకోవడం కంటే ఇప్పుడు తెలుసుకోవడం నయం. అడ్వాన్స్‌డ్ రాశాడన్నారు, సంతోషం. అయితే 23 ఐఐటీలూ కలిపి ఉన్నవి సుమారు 18 వేల సీట్లు. ఓపెన్ కేటగిరీకి వచ్చేది అందులో సగం కూడా కాదు. అందులోనూ మీరు రాసిన శాఖ అన్నింటికంటే ముందు నిండిపోయేది. మెయిన్‌లో ఈ పర్సంటైల్ వచ్చిన విద్యార్థికి ఐఐటీ సీటు అసాధ్యమని నేను అనను, ఇలాంటి వారికి సీట్లు రావడం నేను చూశాను. అయితే వారికి వచ్చింది కొత్త ఐఐటీల్లో, వేరే శాఖల్లో. బిట్‌శాట్ మాత్రం నిజంగా విడి అవకాశం, ఇంకా తెరిచే ఉంది. దాన్ని గట్టిగా రాయించండి, ఖర్చు హాస్టల్‌తో కలిపి పాతిక లక్షలు దాటుతుందన్నది గుర్తుంచుకుని రాయించండి. శామీర్‌పేట దగ్గరి హైదరాబాద్ ప్రాంగణాన్ని మీ ఉత్తరంలో ఎందుకు వదిలేశారో నాకు అర్థం కాలేదు. డిగ్రీ అదే విశ్వవిద్యాలయానిది.

మీ సొంతూరి ప్రశ్నకు జవాబు చిన్నది. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వారికి కేటాయిస్తారు. అయితే సొంత రాష్ట్రమంటే తాతగారి పొలం ఉన్న రాష్ట్రం కాదు, విద్యార్థి పన్నెండో తరగతి లేదా ఇంటర్ ఉత్తీర్ణుడైన రాష్ట్రం. మీ అబ్బాయి హైదరాబాద్‌లో ఇంటర్ చదివాడు కనుక అతనికి సొంత ఎన్‌ఐటీ వరంగల్. తాడేపల్లిగూడెంలో అతను ఇతర రాష్ట్రాల కోటాలోకే వస్తాడు. మంచి క్రమశిక్షణ ఉంటుందని హైదరాబాద్ నుంచి పిల్లల్ని విజయవాడ హాస్టళ్లలో వేసే తల్లిదండ్రులకు ఈ సంగతి రెండేళ్ల తర్వాత, ఆప్షన్ల నాడు తెలుస్తుంది. మీరు ఆ పని చేయలేదు, ఆ మేరకు మంచిదే.

కాబట్టి వరంగల్‌ను కొట్టేయకండి. కంప్యూటర్ సైన్స్ పక్కన పెట్టి సివిల్, మెటలర్జీ, బయోటెక్నాలజీ వంటి శాఖల ముగింపు ర్యాంకులు చూడండి. ఏ రౌండులో ఏ శాఖ ఏ ర్యాంకు దగ్గర ఆగిందో పాత సంవత్సరాల లెక్కలన్నీ ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్ల ఉమ్మడి కౌన్సెలింగ్ నడిపే జోసా ఉచితంగా ప్రకటిస్తుంది, వాటికోసం ఎవరికీ వేలు చెల్లించనక్కరలేదు. వరుసగా మూడేళ్ల ముగింపు ర్యాంకులు ఒక కాగితం మీద రాసుకోండి. మూడేళ్లూ అబ్బాయి ర్యాంకు కంటే చాలా ముందే ఆగినది ఆశ, అటూ ఇటూ ఊగినది టార్గెట్, మూడేళ్లూ అతని ర్యాంకు దాటి బాగా కిందికి వెళ్లినది సేఫ్టీ. ఈశాన్య రాష్ట్రాల ఎన్‌ఐటీల్లో కంప్యూటర్ సైన్స్, శ్రీసిటీ, కర్నూలు ట్రిపుల్ ఐటీలు, గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ జోసా ద్వారా ఇస్తూ వచ్చిన ఐదేళ్ల కంప్యూటర్ సైన్స్ కోర్సు, ఇవన్నీ ఆ కాగితం మీదికి రావాలి. చివరిదాన్ని నగరంలోని వాళ్లే మరిచిపోతుంటారు. వరంగల్ సివిల్‌కూ నగరంలోని మంచి కాలేజీలో కంప్యూటర్స్‌కూ పోలిక చెప్పమని మీరు తప్పక అడుగుతారు. లెక్కలతో పాటు కట్టడాల మీద ఆసక్తి ఉన్న పిల్లవాడికి వరంగల్. కోడ్ రాస్తూ అన్నం మరిచిపోయే పిల్లవాడికి నగరం. మీ అబ్బాయి ఈ ఇద్దరిలో ఎవరో మీ ఉత్తరం చెప్పలేదు.

చెప్పలేదన్న మాట వచ్చింది కనుక కొంచెం కఠినంగానే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. ఎప్‌సెట్ కాలేజీలు మా వాడి స్థాయికి తగవని రాశారు. ఏ స్థాయికి? 2,100 ర్యాంకుకు జేఎన్‌టీయూ, ఉస్మానియా ప్రాంగణాల్లో కంప్యూటర్స్ అందకపోవచ్చు, ఆశగా రాసుకోవచ్చు. సీబీఐటీ, వాసవి, వీఎన్ఆర్ విజ్ఞానజ్యోతి వంటివి అతనికి సరైన టార్గెట్లు. వీటిలో కన్వీనర్ కోటా, అంటే ఎప్‌సెట్ ర్యాంకు మీద ఇచ్చే సీటు, ఫీజు ఏడాదికి లక్షన్నర అటూ ఇటూ ఉంటూ వచ్చింది, నాలుగేళ్లకు సుమారు ఆరు లక్షలు. నిజాంపేటలో ఉంటున్నారు కదా, వీఎన్ఆర్ మీకు బాచుపల్లిలో, ఉదయం నడకకు వెళ్లేంత దూరంలో ఉంది. పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనవాళ్లు ఊరికే అనలేదు. ఊళ్లో వాళ్లు బారులు తీరి ఆప్షన్లు పెట్టుకునే కాలేజీ మీకు ఇంటి పక్కన ఉన్నందుకే లోకువైంది. దానికి మూడింతల డబ్బుతో మీరు కొన్న సేఫ్టీ అబ్బాయికి కాదు, బంధువులు అడిగినప్పుడు చెప్పుకోవడానికి మీకు ఉపయోగపడుతుంది.

పైగా అది ఏఐ-ఎంఎల్. ఈ విషయంలో నా అనుమానాలు పూర్తిగా చెప్పనివ్వండి, ఎందుకంటే ఈ మధ్య నా దగ్గరికి వచ్చే పదిమందిలో ఎనిమిది మంది ఈ నాలుగక్షరాల కోసమే వస్తున్నారు. కృత్రిమ మేధ అబద్ధమని నేననడం లేదు. ఆ రంగం నిజమే, అందులో పని చేయాలన్న కోరికా మంచిదే. నా అనుమానమంతా ఆ పేరుతో అమ్ముతున్న డిగ్రీ మీద. 2024-25 నుంచి బాగా నడుస్తున్న కాలేజీలకు సీట్ల గరిష్ఠ పరిమితిని సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ తొలగించింది. దాంతో నగరం చుట్టూ సివిల్, మెకానికల్ సెక్షన్లు తగ్గి కంప్యూటర్ సెక్షన్లు పెరుగుతూ పోయాయి. సెక్షన్ అంటే గది, బల్లలు, బోర్డు మాత్రమే కాదు కదా, పాఠం చెప్పే మనిషి కావాలి. ఈ విద్యలో నిజంగా ఆరితేరిన వాళ్లను కంపెనీలు కాలేజీ ఇచ్చే జీతానికి ఎన్నో రెట్లిచ్చి తీసుకుపోతుంటే, ఆరేడు సెక్షన్లకు సరిపడా అధ్యాపకులు ఎక్కడి నుంచి వస్తారు?

రెండేళ్ల కిందట నగర శివారులో ఒక కాలేజీ చూడటానికి వెళ్లాను. పేరు అనవసరం. మొదటి అంతస్తులో ఒక గది తలుపు పైన ఏఐ-ఎంఎల్ ల్యాబ్ అని కొత్త ఫ్లెక్సీ బోర్డు మెరుస్తోంది. అది పాత బోర్డు కంటే రెండంగుళాలు పొట్టి కావడంతో కింద సర్వేయింగ్ అన్న అక్షరాల తోకలు కనిపిస్తున్నాయి. లోపల ముప్పై కంప్యూటర్లు, ఒక మూల సర్వే పరికరం థియోడొలైట్‌ను నిలబెట్టే మూడుకాళ్ల స్టాండ్లు గుడ్డ కప్పి పెట్టారు. ల్యాబ్ చూసుకుంటున్న యువకుడిని ఏం చెబుతారని అడిగితే, మొన్నటి వరకు సి లాంగ్వేజ్ చెప్పానని, ఇప్పుడు ఇది కూడా చెబుతున్నానని నిజాయితీగా చెప్పాడు. అతని మీద నాకు కోపం రాలేదు. ఆ గది ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటున్న తల్లిదండ్రుల మీద వచ్చింది.

అందువల్ల మీరు అడ్వాన్సు కట్టిన చోటికి ఒక పని దినాన, ముందుగా చెప్పకుండా, అబ్బాయితో కలిసి వెళ్లండి. ఆ శాఖలో ఎన్ని సెక్షన్లు, ఎంతమంది శాశ్వత అధ్యాపకులు, వారిలో ఎంతమందికి పీహెచ్‌డీ ఉంది, అది ఏ విషయంలో అని అడగండి. మామూలు కంప్యూటర్ సైన్స్ సిలబస్‌నూ ఏఐ-ఎంఎల్ సిలబస్‌నూ పక్కపక్కన పెట్టి మొదటి రెండేళ్లు చూడండి. చాలా చోట్ల తేడా వెతుక్కోవాలి. ప్రాథమిక కంప్యూటర్ సైన్స్ గట్టిగా చదివిన వాడు తర్వాత ఎటైనా తిరగగలడు. పద్దెనిమిదేళ్లకే సన్నని దారిలోకి నెట్టిన వాడికి ఆ వెసులుబాటు తక్కువ. కట్టిన అడ్వాన్సు రసీదు తీసి అది రిజిస్ట్రేషన్ రుసుమా, ట్యూషన్ ఫీజులో భాగమా చదవండి. ఫీజు వాపసుపై యూజీసీ నిబంధనలు డీమ్డ్ యూనివర్సిటీలకూ వర్తిస్తాయి, గడువు దాటకుండా రాతపూర్వకంగా అడిగితే ఫలితం ఉంటుంది.

ఇప్పుడు జాబితాను కింది నుంచి రాయండి. ముందుగా, అన్నీ ఎదురు తిరిగినా అబ్బాయి ఆగస్టులో మొహం మాడ్చుకోకుండా బస్సెక్కి వెళ్లగల రెండు కాలేజీలు రాయండి. రావడం ఖాయంగా ఉండాలి, ఫీజు అప్పు లేకుండా కట్టగలిగేదిగా ఉండాలి, అబ్బాయి తనంతట తాను సరే అని ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా అది సేఫ్టీ కాదు. వాటి పైన నాలుగైదు టార్గెట్లు, ఆ పైన ఆశలు ఎన్నైనా. ఆప్షన్లు పెట్టేటప్పుడు మాత్రం వరుస ఇష్టాన్ని బట్టే ఉండాలి. అందని సీటు పైన రాస్తే అందే సీటు పోతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు, పై నుంచి చూసుకుంటూ వచ్చి ర్యాంకుకు అందిన మొదటిదే ఇస్తారు. జోసాలో సీటు వచ్చాక ఇంకా మెరుగైనది కావాలంటే ఫ్లోట్, అదే కాలేజీలో శాఖ మారితే చాలనుకుంటే స్లైడ్, చాలు అనుకుంటే ఫ్రీజ్. జోసా చివరి రౌండ్లు తేలేదాకా ఎప్‌సెట్ సీటును వదులుకోకండి, రెండు కౌన్సెలింగ్‌ల తేదీలూ ఒకే క్యాలెండర్ మీద ఎర్ర సిరాతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి.

మొన్న ఒక తండ్రి రంగుల ఎక్సెల్ షీటుతో వచ్చారు, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గళ్లతో. ఆయన గంటసేపు మాట్లాడుతున్నంతసేపూ కొడుకు మంచినీళ్ల సీసా మీది కాగితాన్ని గోటితో పీకుతూ కూర్చున్నాడు. నీకేది ఇష్టమని అడిగితే ముందు తండ్రి వైపు చూశాడు. సర్క్యూట్లు బాగుంటాయని, ఎలక్ట్రానిక్స్ శాఖ ఈసీఈ అయితే ఇంటి నుంచి రోజూ వెళ్లి వచ్చే కాలేజీ అయినా ఫర్వాలేదని చెప్పాడు. ఆ షీటులో ఈసీఈ అన్న గడే లేదు.

మీ అబ్బాయిని కూడా ఈ రాత్రి భోజనాల తర్వాత, టీవీ కట్టేసి, ఒక్కసారి అడగండి. అడిగాక మధ్యలో మాట్లాడకండి. అతను ఏఐ-ఎంఎల్ అనే అంటే అదే పెట్టండి, కానీ మంచి కాలేజీలో, కన్వీనర్ కోటాలో. వెబ్ ఆప్షన్ల రోజున కంప్యూటర్ ముందు అతన్నే కూర్చోబెట్టండి. మీ పని పక్కన కూర్చుని కోడ్‌లు సరిచూడటం: ఎప్‌సెట్ జాబితాలో సీఎస్‌ఈ అంటే మామూలు కంప్యూటర్ సైన్స్, సీఎస్‌ఎం అంటే ఏఐ-ఎంఎల్, సీఎస్‌డీ అంటే డేటా సైన్స్, సీఎస్‌సీ అంటే సైబర్ సెక్యూరిటీ. అర్ధరాత్రి నిద్ర కళ్లతో అవన్నీ ఒకేలా కనిపిస్తాయి, కాబట్టి పగలు కూర్చోండి.