టానిక్ సంగతి తర్వాత, ముందు చెవులు చూపించండి

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్లు, డౌన్స్ సిండ్రోమ్. ఎవరొచ్చినా నవ్వుతాడు, కొత్తవాళ్లనైనా వెళ్లి వాటేసుకుంటాడు. కానీ మాటలు ఐదారే, పిల్లలతో కలవడు. టీవీ సౌండ్ పెంచమని ఒకటే గొడవ. మా అత్తగారు మాటలొస్తాయని వాడి చేత వస నాకిస్తున్నారు, ఏడాదిగా మెమరీ టానిక్ కూడా వాడుతున్నాం. ఇంకేదైనా మంచి టానిక్ ఉందా?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేసిన ఆ టీవీ సౌండ్ దగ్గరే నేను ఆగిపోయాను. డౌన్స్ ఉన్న పిల్లల్లో సగం మందికి పైగా ఎంతో కొంత వినికిడి సమస్య ఉంటుంది. ముక్కు నుంచి చెవికి వెళ్లే గొట్టం సన్నగా ఉండి కర్ణభేరి వెనక జిగురు నీరు చేరుతుంది, చాలాసార్లు నొప్పీ ఉండదు చీమూ కారదు కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలీదు, వాడికి మాత్రం మన మాటలు నీళ్లలో మునిగి విన్నట్టు వినిపిస్తాయి. పుట్టినప్పుడు టెస్ట్ నార్మల్ వచ్చిందిగా అని ఊరుకోవద్దు. ఈ వారంలోనే ఈఎన్‌టీకి చూపించి ఇంపిడెన్స్ (కర్ణభేరి వెనక నీరుందేమో చూసే టెస్ట్), ఆడియోమెట్రీ (ఎంత వినిపిస్తోందో చూసే టెస్ట్), అది కుదరకపోతే బెరా (శబ్దం మెదడు దాకా చేరుతోందా చూసే టెస్ట్) చేయించండి. థైరాయిడ్ టెస్ట్ చేయించి ఏడాది దాటితే అదీ.

వస ఆపేయండి. మా నానమ్మ నాకూ నాకించింది, అత్తగారిని తప్పుపట్టడం లేదు, కానీ మీ వాడికి మింగే కండరాలు వీక్‌గా ఉండొచ్చు, పొలమారితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మాటలు తెప్పించే టానిక్ ఏదీ లేదు. అది తాగిస్తూ ఏడాది ఆగారు చూడండి, నా బాధంతా అదే.

ఈ పిల్లలకి అర్థమయ్యేది ఎక్కువ, చెప్పగలిగేది తక్కువ. అందుకే 'ఇవ్వు', 'చాలు', 'ఇంకా' లాంటివాటికి చేతి సైగలు నేర్పండి, సైగలు నేర్పితే మాటలు రావన్నది వట్టి భయం. బంతి మీ చేతిలోనే పట్టుకుని వాడు మీ మొహం చూసి చెయ్యి చాపేదాకా ఆగండి, పది సెకన్లు పట్టినా సరే, మీరే అందించేయకండి. వాటేసుకోవడం ఇప్పుడు ముద్దుగానే ఉంటుంది, పద్నాలుగేళ్లకి ఉండదు, కొత్తవాళ్లకి నమస్తే పెట్టడం ఇప్పట్నుంచే అలవాటు చేయండి.

చెవులు బాగానే ఉండి కూడా పిలిస్తే చూడకపోయినా, వచ్చిన మాటలు పోయినా ఆటిజం కోసం కూడా చూడాలి, డౌన్స్ కదా అంతేలే అని సర్దుకోవద్దు. పిల్లాణ్ని చూడకుండా నేను ఖాయంగా చెప్పలేను. జిల్లా పెద్దాసుపత్రుల్లో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల సమస్యల్ని తొందరగా గుర్తించి చూసే సర్కారు కేంద్రం) ఉంటుంది, ఫ్రీగా దొరికే స్పీచ్ థెరపీ గురించి ముందు అక్కడ అడగండి, లేదంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ (మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఉంది. రాత్రి గురక పెడతాడా, నోరు తెరిచి పడుకుంటాడా మీరు రాయలేదు, అలా ఉంటే అదీ ఈఎన్‌టీకి చెప్పండి.