ద్వీపాల వాళ్ళలా రోజూ కొబ్బరి నూనె తాగితే గుండెకు మంచిదేనా?

పసిఫిక్ ద్వీపాల్లో తరతరాలుగా కొబ్బరి నూనే తింటున్నారు, అయినా వాళ్ళకు గుండెజబ్బులు లేవని ఏదో వీడియోలో చూసి, స్టెంట్ వేయించుకున్న మీ నాన్నగారు రోజూ పరగడుపున రెండు పెద్ద చెంచాలు తాగుతున్నారని రాశారు. కొనసాగించవచ్చా అని అడిగారు.

వద్దని చెప్పండి. ఆ ద్వీపాల్లో ఒకదాంట్లో నాలుగేళ్ళు కాపురం చేశాను, ఆ నూనె తాగి చూశాను కూడా. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది అంబాజీపేట దగ్గర పల్లె. చుట్టూ కొబ్బరి తోటలే అయినా మా ఇంట్లో కొబ్బరి నూనె తలకే, వంటకు వేరుశెనగ నూనె. మావారి ఉద్యోగం వల్ల 2012లో ఫిజీ వెళ్ళి లౌటోకా అనే ఊళ్ళో ఉన్నాం. 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవులో ఓడెక్కి అక్కడి చెరకు తోటలకు కూలికి వెళ్ళినవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు, వాళ్ళ మునిమనవలు మా వీధిలోనే ఉండేవాళ్ళు. మా పక్కిల్లు మాత్రం స్థానిక ఫిజీ కుటుంబానిది. ఆ ఇంటి పెద్దావిడను అందరూ బుబు అనేవాళ్ళు. నానమ్మనైనా అమ్మమ్మనైనా అక్కడ అలాగే పిలుస్తారు.

ఆదివారం చర్చికి వెళ్ళే ముందు బుబు కొబ్బరి కోరే పీట మీద కూర్చునేది. నాలుగైదు కాయలు కోరి, కాసిని నీళ్ళు చల్లి, గుడ్డలో వేసి పిండేది. ఆ చిక్కటి పాలను లోలో అంటారు. చేమాకులు ఉడికించి లోలో పోస్తే ఒక కూర. పచ్చి చేపముక్కల్ని నిమ్మరసంలో నానబెట్టి, ఉల్లిపాయ, మిరపకాయ వేసి లోలో కలిపితే కోకోండా. పక్కన చేమదుంపో, కర్రపెండలమో, సీమపనసో ఉడికించి పెట్టేది. మొదటిసారి తిన్నప్పుడు మా అమ్మ చేసే కొబ్బరిపాల పులుసు గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. పిండగా మిగిలిన పిప్పి కోళ్ళకు పోయేది.

అన్నాళ్ళలో ఆవిడ వంటింట్లో కొబ్బరి నూనె సీసా చూడలేదు. ఉన్న ఒక్క సీసా పడగ్గదిలో ఉండేది, పువ్వులు వేసి కాచిన నూనె, ఒంటికీ తలకీ. వేపుళ్ళకు కొట్లో కొన్న సోయా నూనే. పసిఫిక్ ద్వీపాల చరిత్ర కూడా ఇంతే. వాళ్ళు తిన్నది ఎక్కువగా కొబ్బరి, కొబ్బరిపాలు. ఎండు కొబ్బరి ఓడలెక్కి, పరాయి దేశాల్లో నూనెగా మారి సబ్బులకూ, వెన్నకు బదులు వాడే మార్గరీన్‌కూ పోయింది. మీ నాన్నగారు చూసిన వీడియోలో ఈ తేడానే ఎగిరిపోయింది. వంద గ్రాముల పచ్చి కొబ్బరిలో కొవ్వు 33 గ్రాముల దాకా ఉంటుంది, దాంతోపాటు 9 గ్రాముల పీచు, సగానికి దగ్గరగా నీళ్ళు. కొన్ని ముక్కలు తినేసరికే కడుపు నిండుతుంది. నూనెలో పీచు లేదు, నీళ్ళు లేవు, మొత్తం కొవ్వే. అందులోనూ వందకు 82 వంతులకు పైగా సంతృప్త కొవ్వు.

అలాంటి వీడియోలు తరచూ చూపించేది ఒక పరిశోధనని. న్యూజిలాండ్ వైద్యుడు ఇయాన్ ప్రయర్ బృందం పసిఫిక్‌లోని టోకెలావ్, పుకాపుకా అనే రెండు చోట్ల జనాన్ని పరీక్షించి 1981లో ప్రచురించింది. టోకెలావ్ వాళ్ళ ఆహారంలో 63 శాతం కేలరీలు కొబ్బరి నుంచే వచ్చేవి, పుకాపుకాలో 34 శాతం. రెండు చోట్లా గుండె, రక్తనాళాల జబ్బులు అరుదే. ఇక్కడిదాకా నిజం. అదే వ్యాసంలో ఇంకో మాట ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు: కొబ్బరి ఎక్కువ తినే టోకెలావ్ వాళ్ళ కొలెస్టరాల్ పుకాపుకా వాళ్ళ కంటే 35 నుంచి 40 పాయింట్లు ఎక్కువ. అంటే ఆ ద్వీపాల్లోనూ కొబ్బరి కొవ్వు తన పని తాను చేసింది. పగడపు దిబ్బల మీద చేపలు, కొబ్బరి, దుంపలు తింటూ, తెడ్డు వేసుకుంటూ బతికిన మనుషులు వాళ్ళు. చక్కెర, గోధుమపిండి పడవలో వచ్చినప్పుడే. వాళ్ళ బతుకులోంచి ఒక్క కొబ్బరిని విడదీసి, కుర్చీలో కూర్చుని పనిచేసే మనకు మందులా ఎలా ఇస్తాం?

1966 తుఫాను తర్వాత టోకెలావ్ వాళ్ళు చాలామంది న్యూజిలాండ్ వెళ్ళారు. అక్కడ కొబ్బరి తగ్గింది, మాంసం, రొట్టె, చక్కెర పెరిగాయి. బరువు, బీపీ, షుగర్ కూడా పెరిగాయి. దీన్ని పట్టుకుని "కొబ్బరి మానడం వల్లే" అనేవాళ్ళున్నారు. మారింది కొబ్బరి ఒక్కటే కాదు, వాళ్ళ జీవితమంతా.

ఇక ఇప్పుడు ద్వీపాల్లో గుండెజబ్బులు లేవన్నది పూర్తిగా అబద్ధం. ఫిజీలో ఎక్కువమంది ప్రాణాలు తీస్తున్నవి గుండెజబ్బులు, షుగరే. దిగుమతయ్యే గొర్రె కొవ్వు మాంసం అమ్మకాన్ని ఫిజీ 2000లో నిషేధించింది. సమోవా 2007లో కొవ్వు నిండిన టర్కీ కోడి తోకల దిగుమతిని ఆపింది, ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాల్సి వచ్చి ఆ నిషేధం ఎత్తేసింది. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుఫానుకు కొబ్బరి చెట్లు మొవ్వు విరిగి నిలబడితే, నెలల తరబడి మా వీధిలో తిన్నది బియ్యం, నూడుల్స్, డబ్బా చేపలు. బుబు భర్తకు షుగర్ వల్ల అప్పటికే ఒక పాదం తీసేశారు. ఆదివారాల్లో లోలో కూర తిన్న మనిషే ఆయనా.

ఇంత చూసి వచ్చి కూడా 2018లో హైదరాబాద్‌లో నేను ఆ వీడియోల మాట నమ్మాను. గానుగ నూనె కదా, మన కొబ్బరే కదా అనుకుని మూడు నెలలు రోజుకు రెండు చెంచాలు తాగాను. చెడ్డ కొలెస్టరాల్ 112 నుంచి 151కి వెళ్ళింది. మానేసిన నాలుగు నెలలకు 118కి దిగింది. నా ఒక్కదాని రక్తం రుజువు కాదనుకోండి. 2020లో 16 ప్రయోగాల ఫలితాల్ని కలిపి చూసిన విశ్లేషణ ఒకటుంది. సోయా, ఆలివ్ లాంటి నూనెలతో పోలిస్తే కొబ్బరి నూనె చెడ్డ కొలెస్టరాల్‌ని సగటున 10 పాయింట్లు పెంచింది. మంచిదీ పెరిగింది, 4 పాయింట్లు. ఆ నాలుగు ఈ పదిని సరిచేస్తాయని స్టెంట్ ఉన్న మనిషికి నేను చెప్పలేను.

రెండు పెద్ద చెంచాల్లో సంతృప్త కొవ్వే దాదాపు 23 గ్రాములు. రోజుకు 2000 కేలరీలు తినేవాళ్ళకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు 22 గ్రాములు. అంటే కాఫీలో పాలు పడకముందే ఆయన ఆ రోజు హద్దు దాటేశారు.

కొబ్బరి పచ్చడి, పండక్కి కొబ్బరన్నం మానమని నేననను, అవి నాకూ ప్రాణం. పరగడుపు చెంచాలు మాత్రం రేపటి నుంచే ఆపించండి. అంతకంటే ముందు ఇంకోటి కనుక్కోండి. నూనె చాలుతుందనుకుని ఆయన, డాక్టరు రాసిన కొలెస్టరాల్ మాత్ర మీకు చెప్పకుండా మానేశారేమో, మందుల పెట్టె తీసి లెక్క చూడండి. మానేసి ఉంటే ఈ వారమే గుండె డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి.