టూర్‌మాలే ఎక్కడానికి ఎస్.కోట ఘాట్ ప్రాక్టీసు చాలా?

ప్రశ్న: మాస్టారూ, నాకు 47 ఏళ్లు. ఆదివారం ఆదివారం విజయనగరం నుంచి సైకిల్ మీద ఎస్.కోట వెళ్లి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటాను. మా అబ్బాయి ఫ్రాన్స్‌లో చదువుతున్నాడు, జులైలో రమ్మంటున్నాడు. టూర్ ది ఫ్రాన్స్ పోటీలు జరిగే టూర్‌మాలే కనుమ ఒక్కసారి ఎక్కాలని ఆశ. నావల్ల అవుతుందా? ఒకటే టెన్షన్.
- ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: అవుతుందండీ. కానీ ఇప్పుడు ఎక్కుతున్న పద్ధతి మార్చాలి. మన ఘాట్‌లో మధ్యమధ్య చదును తగులుతుంది, అక్కడ పెడల్ ఆపి ఊపిరి పీల్చుకుంటాం, టీ కొట్టు కనబడితే దిగిపోతాం కూడా. టూర్‌మాలేలో ఆ వెసులుబాటు ఉండదు. పిరనీస్ కొండల్లో 2,115 మీటర్ల ఎత్తున ఉంది ఆ కనుమ. సెంత్ మరీ ద కాంపాన్ అనే ఊరి నుంచి 17 కిలోమీటర్లు, సగటున ప్రతి వంద మీటర్లకూ ఏడు మీటర్ల పైచిలుకు ఎత్తు. సగటు చూసి మోసపోకండి. మొదటి నాలుగైదు కిలోమీటర్లు తేలిక, తర్వాత ఎనిమిది, తొమ్మిది శాతం వాలు పట్టుకుందంటే వదలదు. కాళ్లు బాగానే ఉన్నాయి కదా అని ఆ తేలిక రోడ్డు మీద జోరుగా తొక్కేసినవాళ్లకి, లా మోంజీ ఊరు చేరేసరికి తొడలు రాళ్లయిపోతాయి.

అందుకని ఇప్పటినుంచీ ఘాట్ మొదట్లో కాలెత్తితే మళ్లీ పైనే దించాలి. పక్కవాడితో మాట్లాడగలిగేంత నిదానంగా వెళ్లండి, చదునులో కూడా పెడల్ ఆపకండి. గంటకి 8 కిలోమీటర్ల చొప్పున వెళ్లినా అక్కడ రెండు గంటలు దాటుతుంది, అంతసేపు ఆగకుండా తొక్కడం ఒంటికి అలవాటవ్వాలి. అక్కడ సైకిల్ అద్దెకి తీసుకుంటే, ఎత్తు తేలిగ్గా తొక్కేందుకు ముందు 34 పళ్ల చక్రం, వెనక పెద్ద చక్రానికి 32 గానీ 34 గానీ పళ్లు ఉన్నాయో లేదో అబ్బాయిని కనుక్కోమనండి. ఇది మాత్రం మర్చిపోవద్దు.

దిగేటప్పుడు ఇంకా జాగ్రత్త. జులైలోనైనా పైన చలిగాలి కొడుతుంది, చెమటకి తడిసిన బనీనుతో దిగితే వేళ్లు కొంకర్లు పోయి బ్రేకు పట్టు దొరకదు. జేబులో పల్చటి జాకెట్ ఒకటి ఉంచుకోండి. బ్రేకు అదేపనిగా పట్టి ఉంచితే రిమ్ము కాలిపోతుంది, మలుపుకి ముందు గట్టిగా నొక్కి వదిలెయ్యండి.

మీరు ఎక్కడం మొదలుపెట్టే సెంత్ మరీ ద కాంపాన్ ఊరికో కథ ఉంది. 1913 టూర్ ది ఫ్రాన్స్ పోటీలో ఈ కనుమ దిగుతుండగా యూజీన్ క్రిస్టాఫ్ అనే పోటీదారుడి సైకిల్‌కి ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు విరిగిపోయింది. ఆయన సైకిల్ భుజానేసుకుని పది కిలోమీటర్లకి పైగా నడిచి ఆ ఊరి కమ్మరి కొలిమి చేరుకున్నాడు. ఇంకొకరి సాయం తీసుకోకూడదని రూలు, అందుకే ఇనుము తనే కాల్చి, తనే సాగగొట్టి అతికించుకున్నాడు. కొలిమితిత్తి ఊదిపెట్టిన కుర్రాడి సాయం తీసుకున్నాడని దానికీ శిక్ష వేశారు. తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. వీలుంటే ఆ కొలిమి దగ్గర కాసేపు ఆగండి.

ఎండలు ముదిరాయి కాబట్టి తెల్లారి ఐదింటికల్లా ఎస్.కోట దాటెయ్యండి. వచ్చే ఆదివారం ఎంతసేపట్లో ఎక్కారో, ఎన్నిసార్లు కాలు కింద పెట్టారో రాయండి, దాన్నిబట్టి మిగతాది చెబుతాను.