సెలవుల జాబితా దొంగ కూడా చూస్తాడు

ప్రశ్న: మేడమ్, మా పరపతి సంఘంలో 12 కంప్యూటర్లు, ఒక సర్వర్ నేనే చూసుకుంటాను. యాంటీవైరస్ ఉంది, ఫైర్‌వాల్ కొన్నాం. మొన్న ట్రైనింగ్‌లో ‘దొంగలా ఆలోచించండి’ అన్నారు. ఎలాగో చెప్పలేదు. నాకు హ్యాకింగ్ రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
— కె.ఎస్., తణుకు

జవాబు: హ్యాకింగ్ రాకపోయినా ఫర్వాలేదండీ. ముందు మీ సంఘం సెలవుల జాబితా తీసి ఎదురుగా పెట్టుకోండి.

ఎందుకో చెబుతాను. 2016 ఫిబ్రవరి 4, గురువారం. ఢాకాలో ఆ దేశపు కేంద్ర బ్యాంకు, బంగ్లాదేశ్ బ్యాంకు, సిబ్బంది ఇళ్లకు వెళ్లిపోయాక, ఆ బ్యాంకు పేరు మీదే దొంగలు దాని ఖాతా ఉన్న న్యూయార్క్ ఫెడరల్ రిజర్వుకు 35 పేమెంటు ఆర్డర్లు పంపారు. మొత్తం దాదాపు 95 కోట్ల డాలర్లు. బంగ్లాదేశ్‌లో శుక్ర, శనివారాలు సెలవు. ఆదివారం ఢాకా తెరిచేసరికి న్యూయార్క్ మూత. సోమవారం న్యూయార్క్ తెరిస్తే, డబ్బు చేరిన మనీలాలో చైనా కొత్త సంవత్సరం సెలవు. మూడు దేశాల సెలవులు పక్కపక్కన పేర్చుకుని రోజు ఎంచుకున్నారు. లావాదేవీల కాగితాలు వచ్చే ప్రింటర్ కూడా పనిచేయకుండా చేశారు. పొద్దున వచ్చినవాళ్లు ‘మళ్లీ ప్రింటర్ మొరాయించింది’ అనుకున్నారు. ఎవరైనా అలాగే అనుకుంటారు, దొంగలు నమ్ముకున్నది సరిగ్గా దాన్నే. 8.1 కోట్ల డాలర్లు మనీలాకు చేరిపోయాయి. శ్రీలంకకు పంపిన 2 కోట్లు మాత్రం ఆగాయి, ‘ఫౌండేషన్’ అనే మాట తప్పు స్పెల్లింగుతో ఉండటం మధ్యలోని బ్యాంకు కంటపడింది కాబట్టి.

మన హైదరాబాదులోనూ 2022 జనవరిలో మహేష్ కోఆపరేటివ్ బ్యాంకు నుంచి 12 కోట్ల రూపాయలకు పైగా పోయాయి. మొదలు ఎక్కడంటే, ఉద్యోగులకు వచ్చిన మెయిళ్ల దగ్గర. తెరిచినవాళ్ల కంప్యూటర్లోకి దూరం నుంచి నడిపే ప్రోగ్రాం దిగింది. తర్వాత రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది.

ఇలా దొంగలా ఆలోచించి లోపాలు వెతకడమే నా ఉద్యోగం, 18 ఏళ్లుగా. ఒక నర్సింగ్ హోమ్ యాజమాన్యం రాతపూర్వకంగా అనుమతిచ్చి ‘లోపలికి ఎలా రావచ్చో చూడండి’ అంది. ల్యాప్‌టాప్ సంచిలోంచి తియ్యనే లేదు. గేటు దగ్గర బల్ల మీద విజిటర్ల రిజిస్టరు తెరిచి ఉంది. సంతకం పెడుతూ పై పేజీ చదివాను: సీసీ కెమెరాల మనిషి పేరు, ఫోన్ నంబరు, ‘డీవీఆర్ రిపేరు’ (కెమెరాల రికార్డింగు దాచే పెట్టె) అని కారణం, నెలలో మూడుసార్లు. రిసెప్షన్‌లో ‘కెమెరాల కంపెనీ నుంచి’ అన్నాను. ఆ అమ్మాయి డీవీఆర్ గది తాళం తీసి, ఫ్యాన్ కూడా వేసి వెళ్లింది. డీవీఆర్ పాస్‌వర్డ్ దాని మీదే స్టిక్కరుగా అతికించి ఉంది. పేషెంట్ల బిల్లింగ్ కంప్యూటర్ కూడా అదే నెట్‌వర్క్ స్విచ్‌కు (కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే పెట్టెకు) కలిపి ఉంది. ఆ అమ్మాయిని ఏమీ అనొద్దని రిపోర్టులో మొదటి వాక్యంగా రాశాను. మర్యాద ఆమె తప్పు కాదు. వచ్చినవాళ్లు నిజమో కాదో ఫోన్ చేసి కనుక్కోమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మీరూ ఒక ఆదివారం సాయంత్రం కాగితం మీద ఇలా రాయండి: ‘ఈ సంఘం నాకు తెలియదు. రేపటిలోగా లోపలికి రావాలి. ఎవరి పేరు చెప్పుకుంటే తలుపు తీస్తారు? నేను వచ్చానని మొదట ఎవరికి, ఎప్పుడు తెలుస్తుంది?’ రెండో ప్రశ్నకు జవాబు ‘మంగళవారం’ అని వస్తే, పని అక్కడ మొదలుపెట్టండి. సెలవుల్లో లాగిన్ అయితే మీ ఫోన్‌కు మెసేజ్ వచ్చేలా పెట్టుకోండి.

బ్యాకప్ సంగతి గట్టిగా చెప్పాలి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగేవాళ్లు ముందు బ్యాకప్ కోసం వెతికి దాన్ని చెరిపేస్తారు. హార్డ్‌డిస్క్ ఎప్పుడూ సర్వర్‌కే గుచ్చి ఉంటే అది బీరువాకే తాళంచెవి వేలాడదీసినట్టు. కాపీ అవగానే తీసి వేరేచోట పెట్టండి. నెలకోసారి అందులోంచి ఒక ఫైలు వెనక్కి తెచ్చి చూడండి.

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ మూడో సంవత్సరం. వాళ్ల కాలేజీ వెబ్‌సైటులో నంబరు మారిస్తే వేరేవాళ్ల మార్కులు కనిపిస్తున్నాయట. చెబితే కేసు పెడతారేమోనని టెన్షన్ పడుతోంది.
— ఒక తల్లి, ఖమ్మం

జవాబు: భయం అర్థమవుతోందమ్మా. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్లోకి వెళ్లడం ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద నేరం కావచ్చు, మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. అందుకే అమ్మాయిని ఇక ఒక్క నంబరు కూడా మార్చి చూడొద్దనండి. ఎవరి మార్కులూ దాచుకోవద్దు, స్నేహితులకు స్క్రీన్‌షాట్ పంపొద్దు. ఏ పేజీ, ఏ తేదీ, ఏం కనిపించింది, ఈ మూడే రాసి, తను నమ్మే లెక్చరర్‌ను వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్‌కు ఇవ్వమనండి. అక్కడ పట్టించుకోకపోతే ఇలాంటి లోపాల సమాచారం తీసుకునే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఉంది, అక్కడికి మెయిల్ రాయొచ్చు. ఆ కాగితం ఇచ్చే రోజు వీలైతే మీరూ పక్కన ఉండండి.