పద్దెనిమిది మంది యాత్రకు నా గాజులు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మాది ఏలూరు. మా వీధి వాళ్లం 18 మందిమి కలిసి డిసెంబరు ఆఖర్లో మహాబలిపురం, పుదుచ్చేరి, వేళాంగణి, రామేశ్వరం చూసి రావాలనుకుంటున్నాం. సగం మందిమి హిందువులం, సగం మంది క్రైస్తవులు. బస్సు, గదులు, భోజనాలు కలిపి మనిషికి రూ.16,500 అని ఏజెంట్ చెప్పాడు. సగం ఇప్పుడే కట్టమంటున్నాడు. అందరి దగ్గరా డబ్బు సిద్ధంగా లేదు. నా గాజులు బ్యాంకులో పెట్టి నేనే కట్టేసి, నెలనెలా వసూలు చేసుకుందామని ఆలోచన. చీటీ వేసుకుందామని కొందరంటున్నారు. మనుషుల్ని పోగుచేసినందుకు చివర్లో నా సీటు ఫ్రీ చేస్తానన్నాడు ఏజెంట్. ఏం చేయమంటారు?

జవాబు: గాజులు చేతికే ఉంచుకోండమ్మా.

మీరు కట్టాలనుకుంటున్న సగం రూ.1,48,500. గోల్డ్ లోన్ ఏడాదికి 10 శాతం వడ్డీకి దొరికిందనుకుందాం. ఆరు నెలలకు రూ.7,425. ఆ వడ్డీ పెద్ద భారమేం కాదు, పద్దెనిమిది మందీ పంచుకుంటే మనిషికి నాలుగొందల పైచిలుకు. నా భయం అసలు గురించి. నలుగురు మానేస్తే వాళ్ల వాటా ఎవరు కడతారు? బ్యాంకులో తాకట్టు మీ పేరు మీద ఉంటుంది. ఏజెంట్ పుస్తకంలోనూ మీ పేరే ఉంటుంది. ఆయన చూపించిన ఫ్రీ సీటు విలువ పదహారున్నర వేలు. దానికి మీరు పూచీ పడుతున్నది లక్షన్నరకు.

ఇది అనుభవం మీద చెబుతున్న మాట. చాన్నాళ్ల కిందట మా అపార్ట్‌మెంట్ వాళ్లం పూరీ, కోణార్క్ వెళ్లినప్పుడు లెక్కలు నేనే చూశాను. బయల్దేరే ముందు రోజు రాత్రి పక్క ఫ్లాటాయన తలుపు కొట్టి, "అత్తగారికి బాగోలేదండీ, మేం నలుగురం రాలేం" అన్నాడు. ఆ మాట విన్నాక డబ్బు సంగతి ఎత్తడానికి నోరు రాలేదు. పన్నెండు వేల చిల్లర నా జేబులోంచి పోయింది. ఊళ్లో వాళ్లకు డబ్బు సలహాలు చెప్పే మనిషిని, నా పరిస్థితే అది! ఇప్పటికీ లిఫ్టులో ఎదురైతే ఆయన ఫోను చూసుకుంటాడు.

అందుకే వసూళ్లు మొదలుపెట్టకముందే ఆ 16,500ను విడగొట్టండి. మీరు పంపిన కాగితం ప్రకారం బస్సు అద్దె, డ్రైవర్ బత్తా, టోళ్లు, పర్మిట్లు కలిపి రూ.1,35,000. అంటే తలా 7,500. ఇద్దరికో గది చొప్పున తొమ్మిది గదులు, రోజుకు 1,500, ఆరు రాత్రులు. తలా 4,500. భోజనాలకు 2,800. మిగతా 1,700 ఏజెంట్ ఖర్చులు, ఆయన లాభం.

ఈ మూడు అంకెలూ ఒకేలా ప్రవర్తించవు. ముగ్గురు మానేసినా బస్సు అద్దె పైసా తగ్గదు, మిగిలిన పదిహేను మందికీ వాటా 9,000 అవుతుంది. గదిలో జంట మనిషి రాకపోతే ఉన్న ఒక్కరి మీద 4,500 కాస్తా 9,000 అవుతుంది. భోజనం మాత్రం తినని వాళ్లకు ఖర్చుండదు. కాబట్టి మానేసేవాళ్లకు భోజనం డబ్బు పూర్తిగా తిరిగివ్వండి. గది డబ్బు ఏజెంట్ ఎంత వెనక్కిస్తే అంతే ఇవ్వండి. బస్సు వాటా మాత్రం వాళ్ల బదులు ఇంకో మనిషి దొరికితేనే. అత్తగారికి నిజంగానే బాగోకపోయినా ఇదే లెక్క. మొహమాటం లేకుండా ముందే చెప్పేస్తే ఎవరూ తప్పుపట్టరు.

ఇక చీటీ. పాట పాడే చీటీ ఒక్కో నెల ఒక్కొక్కరికి వస్తుంది, మీకేమో అందరి డబ్బూ ఒకేసారి కావాలి. పైగా 1982 చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం రిజిస్టర్ కాని చీటీలో డబ్బు ఇరుక్కుంటే గట్టిగా అడగడానికి ఆధారం ఉండదు. దానికంటే ఎవరి ఖాతాలో వాళ్లు ఆరు నెలల రికరింగ్ డిపాజిట్ తెరవడం మేలు. నెలకు 2,750 కడితే ఆరు నెలలకు సరిగ్గా 16,500. వడ్డీ వచ్చేది టీ ఖర్చులకే. కానీ ఎవరి డబ్బు వాళ్ల పేరు మీదే ఉంటుంది, మీరు గుమ్మం గుమ్మం తిరగనక్కర్లేదు.

ఈ జులైలో మొదలుపెడితే అది జనవరిలో చేతికొస్తుంది. యాత్రను కూడా సంక్రాంతి దాటాకే పెట్టుకోండి. తమిళనాడు తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. రామేశ్వరం వెళ్తే మీరు చూడబోయే, ఆ ద్వీపం కొసనున్న ధనుష్కోడిని 1964 డిసెంబరులోనే తుపాను ఊడ్చేసింది. అక్కడి చర్చి మొండిగోడలు ఇసుకలో ఇంకా నిలబడి ఉన్నాయి. 2018 నవంబరులో గజ తుపాను నాగపట్నం జిల్లాను దెబ్బకొట్టింది, వేళాంగణి ఉన్నది ఆ జిల్లాలోనే. పైగా క్రిస్మస్ వారంలో వేళాంగణిలో గది దొరకడమే గగనం. డిసెంబరే కావాలని అందరూ పట్టుబడితే, తుపాను వల్ల యాత్ర ఆగితే ఎంత తిరిగిస్తాడో ఏజెంట్ చేత కాగితం మీద రాయించుకోండి. నోటిమాట చాలదు.

అడ్వాన్సు సగం అన్నది ఆయన అడిగిన మాటే, శాసనం కాదు. నవంబరులో మనిషికి 3,000, మిగతాది జనవరిలో అని బేరమాడండి. ఆ మూడు వేలు ఎవరి ఫోను నుంచి వాళ్లే ఏజెంట్ ఖాతాకు పంపి, ఎవరి పేరున వాళ్లు రసీదు తీసుకోవాలి. పంపిన వాళ్లకే సీటు. 16,500లో జీఎస్టీ కలిసి ఉందా అని కూడా అడగండి. టూర్ ప్యాకేజీ మీద 5 శాతం అంటే మనిషికి రూ.825, అందరికీ కలిపి 14,850. చివరి రోజు "ట్యాక్స్ అదనం" అంటే గొడవే. జీఎస్టీ నంబరు లేని మనిషికి ఆ పన్ను వసూలు చేసే హక్కే లేదు.

రైలు లెక్క కూడా ఒకసారి వేసి చూడండి. ఏలూరు నుంచి రామేశ్వరం వెయ్యి కిలోమీటర్ల దరిదాపు. చెన్నై దాకా రైల్లో వెళ్లి, అక్కడ బండి మాట్లాడుకుని, రామేశ్వరం నుంచి మళ్లీ రైలెక్కొచ్చు. 2025 ఏప్రిల్‌లో తెరిచిన కొత్త పాంబన్ వంతెన మీదుగా వెళ్తుంది, పెద్దవాళ్లకు నడుములూ నిలుస్తాయి. కానీ బండి ఖాళీగా చెన్నై తిరిగెళ్లే కిలోమీటర్లు కూడా మీ బిల్లులోనే వేస్తారు, అదీ కలిపి పోల్చండి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. ఒక టికెట్ మీద ఆరుగురే కాబట్టి మీకు మూడు టికెట్లు కావాలి. సీనియర్ సిటిజన్ల రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది, దాన్ని నమ్ముకుని లెక్క వేయకండి.

ఫ్రీ సీటు సంగతి అందరి ముందూ చెప్పేయండి. పనంతా చేస్తున్నది మీరే కాబట్టి ఉంచుకోమని వాళ్లే అంటారేమో. దాచి ఉంచి బస్సులో బయటపడితే మాత్రం తిరిగొచ్చేదాకా అదే కబురు.

పార్కింగ్, మంచినీళ్లు, టిప్పుల కోసం మనిషికి 500 చొప్పున ఉమ్మడి సంచీ పెట్టుకోండి. కానుకలు మాత్రం అందులోంచి వద్దు. రామేశ్వరంలో 22 తీర్థాల స్నానం టికెట్టైనా, వేళాంగణిలో కొవ్వొత్తులూ తలనీలాలైనా ఎవరి చేతి డబ్బు వాళ్లదే. మీలాంటి కలగలుపు బృందంలో మాటలు వచ్చేది అక్కడే.

ఆదివారం అందరూ కూర్చున్నప్పుడు నోటుబుక్కు మొదటి పేజీలో 7,500, 4,500, 2,800 అని రాసి, ఏది తిరిగొస్తుందో ఏది రాదో పక్కన రాయండి. కింద అందరి చేతా సంతకాలు పెట్టించండి. ఎవరు వెనకాడతారో అక్కడే తెలిసిపోతుంది, పెద్ద బస్సు కావాలో చిన్నది సరిపోతుందో కూడా.