మీరు అడిగారు: ఒకే రాయికి మూడు వయసులు ఎలా?

ప్రశ్న: సార్, హిమాలయాలు సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట మొదలయ్యాయని బడిలో చదువుకున్నాం. ఈమధ్య ఒక వ్యాసంలో అక్కడి నైస్ రాయి వయసు 50 కోట్ల ఏళ్లని ఉంది. ఇంకోచోట అలాంటి రాయికే 2 కోట్లని రాశారు, మరొకరు కోటిన్నర అన్నారు. ఇంత తేడా ఉంటే ఈ లెక్కల్ని నమ్మేదెలా? ఏది సరైనది?

జవాబు: అన్నీ సరైనవే కావచ్చు. చిక్కంతా ఆ అంకె దేని వయసో చెప్పకుండా రాయడం వల్ల వచ్చింది. లావా చల్లారి గట్టిపడ్డ బసాల్ట్ గురించి రాయి వయసు అంటే ఇబ్బంది లేదు, దాని పుట్టుక ఒక్కసారే. మీరు చదివిన నైస్ లాంటి రూపాంతర శిల సంగతి వేరు. ఎప్పుడో సముద్రం అడుగున పేరుకున్న బురదో, భూమి లోపల గడ్డకట్టిన గ్రానైటో, రెండు ఖండాలు ఢీకొన్నప్పుడు ముప్పై నలభై కిలోమీటర్ల లోతుకి దిగిపోయి, 600, 700 డిగ్రీల వేడిలో లోపలి ఖనిజాలు చాలావరకు మారిపోయి, మళ్లీ మెల్లగా పైకి వచ్చిన రాయి అది. ఆ దారిలో ఒక్కో ఖనిజం ఒక్కో దశలో పుడుతుంది, కొన్నయితే రెండు మూడుసార్లు పెరుగుతాయి. కాబట్టి ఎవరైనా వయసు చెప్తే వెంటనే అడగండి: ఏ ఖనిజానిది, అది ఎంత లోతులో, ఎంత వేడిలో ఉన్నప్పటిది?

మీ 50 కోట్లు బహుశా జిర్కాన్‌ది. ఇసుక రేణువంత ఉండే ఈ ఖనిజం పుట్టేటప్పుడు యురేనియంని తనలోకి తీసుకుంటుంది, సీసాన్ని దాదాపుగా రానివ్వదు. యురేనియం-238 లో సగం సీసంగా మారడానికి 447 కోట్ల ఏళ్లు పడుతుంది కనుక, ఇప్పుడు లోపల ఎంత సీసం చేరిందో కొలిస్తే పుట్టిన తేదీ తెలుస్తుంది. పైగా జిర్కాన్ మహా మొండిది. 700 డిగ్రీల్లో కోట్ల ఏళ్లు ఉన్నా, దాని నిర్మాణం చెడకుండా ఉంటే, ఆ సీసం పెద్దగా బయటికి పోదు. హిమాలయాల్లో 50 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్లు చాలాచోట్ల ఉన్నాయి, అవి నైస్‌గా మారిపోయినా జిర్కాన్ నడిమి భాగం ఆ పాత తేదీనే చెప్తుంది. దాని చుట్టూ మాత్రం పర్వతం తయారయ్యేటప్పుడు ఇంకో పొర పెరగొచ్చు, వెంట్రుక మందం కూడా ఉండదు. అందుకే ఇప్పుడు రేణువుని అడ్డంగా నునుపుచేసి, ఫొటో తీసి, లేజర్‌తోనో అయాన్ పుంజంతోనో ఏ పొరకి ఆ పొరే కొలుస్తారు. మొత్తం రేణువుని కరిగించి కొలిచారనుకోండి, రెండు వయసులూ కలిసిపోయి, అసలు ఏ సంఘటనా జరగని తేదీ ఒకటి వస్తుంది.

2 కోట్లు మోనజైట్ అనే ఇంకో ఖనిజానిది అయ్యుండాలి. నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, కాస్త ఓపిగ్గా చదవండి. తేదీ ఒక్కటే తెలిస్తే పర్వతం కథ తెలియదు, ఆ తేదీన రాయి లోపలికి వెళ్తోందా, బయటికి వస్తోందా అన్నది తెలియాలి. దీన్ని పట్టించేది ఇట్రియం అనే మూలకం. రాయి లోతుకి దిగి వేడెక్కుతుంటే పెరిగే గార్నెట్ అనే ఖనిజం చుట్టుపక్కల ఇట్రియంని తెగ లాగేసుకుంటుంది, కాబట్టి గార్నెట్ కన్నా ముందు పుట్టిన మోనజైట్‌లో ఇట్రియం ఎక్కువ, గార్నెట్ పెరుగుతుండగా పుట్టినదాంట్లో తక్కువ. తర్వాత రాయి పైకి వస్తూ ఒత్తిడి తగ్గి గార్నెట్ విచ్ఛిన్నమవడం మొదలైతే ఆ ఇట్రియం మళ్లీ విడుదలై మోనజైట్ అంచు పొరలో చేరుతుంది. ఆ అంచు వయసు కొలిస్తే పైకి రావడం ఎప్పుడు మొదలైందో దొరికినట్టే! గార్నెట్‌నే నేరుగా కొలవడం కూడా ఉంది, లుటీషియం అనే మూలకం హాఫ్నియం అనే ఇంకో మూలకంగా మారే లెక్కతో.

ఇక కోటిన్నర. అది అభ్రకానిది కావచ్చు, పొటాషియం-40 క్షయించి ఆర్గాన్ వాయువుగా మారే లెక్క. వేడిగా ఉన్నంతసేపూ ఆ వాయువు జారిపోతూనే ఉంటుంది, తెల్ల అభ్రకం సుమారు 400 డిగ్రీలకి, నల్ల అభ్రకం 300కి చల్లబడ్డాకే నిలుస్తుంది. రేణువు సైజుని బట్టి, చల్లబడే వేగాన్ని బట్టి ఈ అంకెలు అటూ ఇటూ మారతాయి. ఎంతకి చల్లబడితే వాయువు నిలుస్తుందనే ఈ లెక్కని మార్టిన్ డాడ్సన్ అనే శాస్త్రవేత్త 1973లో సూత్రంగా ఇచ్చారు. అంటే ఇది రాయి పుట్టిన తేదీ కాదు, చల్లారిన తేదీ.

ఏ అంకె దేనిదో చూడకుండా కలగాపులగం చేస్తే ఏమవుతుందో ఆల్ప్స్‌లో చూడొచ్చు. ఇటలీ వైపు డోరా మైరా అనే చోట 1984లో క్రిస్టియన్ షోపాన్ అనే శాస్త్రవేత్త కోసైట్ అనే ఖనిజాన్ని కనిపెట్టారు. అది ఇలాంటి రాళ్లలో సుమారు 90 కిలోమీటర్లకి మించిన లోతులో ఏర్పడే సిలికా రూపం, అంటే ఖండపు ముక్క అంత లోతుకి వెళ్లి తిరిగొచ్చిందన్నమాట. ఎప్పుడు? అభ్రకంలో ఆర్గాన్ కొలిస్తే దాదాపు 10 కోట్ల ఏళ్లని వచ్చింది. కానీ ఆ లోతులో ఆర్గాన్ బయటికి పోయే దారి లేక అదనంగా ఇరుక్కుపోయింది. యురేనియం-సీసం లెక్కలో తేలింది సుమారు 3.5 కోట్లు మాత్రమే. 2001లో రుబాటో, హెర్మాన్ అనే శాస్త్రవేత్తలు టైటనైట్ అనే ఖనిజపు పొరల్ని ఒక్కో లోతుతో జతచేసి చూస్తే, ఆ రాయి 30 లక్షల ఏళ్లకి కాస్త ఎక్కువ వ్యవధిలోనే 20 కిలోమీటర్ల కన్నా తక్కువ లోతుకి, అంత పైకి వచ్చేసిందని తెలిసింది, మొదట్లో ఏటా దాదాపు 3 సెంటీమీటర్ల చొప్పున. భూఫలకాలు కదిలే వేగం అది. 10 కోట్ల అంకెనే పట్టుకుని ఉంటే ఆల్ప్స్ చరిత్రంతా వేరేగా రాసుకునేవాళ్లం.

ప్రశ్న: వీటికి కార్బన్ డేటింగ్ ఎందుకు వాడరు?

జవాబు: కార్బన్-14 అర్ధాయువు 5,730 ఏళ్లే. సుమారు 50 వేల ఏళ్లు దాటితే కొలవడానికి ఏమీ మిగలదు. పైగా అది ఒకప్పుడు ప్రాణమున్న వాటికి పనికొచ్చే పద్ధతి.

ప్రశ్న: అభ్రకం చల్లారిన తేదీలు తెలిస్తే పర్వతం ఏటా ఎంత ఎత్తు పెరిగిందో చెప్పొచ్చు కదా?

జవాబు: చెప్పలేం, ఈ పొరపాటు చాలామంది చేస్తారు, పుస్తకాల్లో కూడా కనిపిస్తుంది. రాయి చల్లబడిందంటే దాని మీదున్న బరువు తొలగి అది ఉపరితలానికి దగ్గరైందని అర్థం. నదులు, హిమానీనదాలు కోసేయడం వల్ల కావచ్చు, పై రాయి పగులు వెంట పక్కకి జారిపోవడం వల్ల కావచ్చు. అదే సమయంలో శిఖరం ఎత్తు పెరిగి ఉండొచ్చు, అలాగే ఉండొచ్చు, తగ్గి కూడా ఉండొచ్చు. హిమాలయాల పడమటి కొసన ఉన్న నంగా పర్బత్ శిఖరం దగ్గర కొన్ని రాళ్లలో మోనజైట్ వయసు పదుల లక్షల ఏళ్లలోనే ఉంది, అంత లోతు నుంచి అంత త్వరగా బయటపడ్డాయంటే పైన ఎన్నో కిలోమీటర్ల రాయి కొట్టుకుపోయినట్టే. పాతకాలపు ఎత్తు కావాలంటే వేరే ఆధారాలు వెతకాలి, ఆకుల శిలాజాలు, అప్పటి వాననీటి ఆక్సిజన్ ఐసోటోపులు లాంటివి.